వాగ్దానం మనకు, గద్దింపు ఎదుటోళ్లకా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక వరంగల్, హన్మకొండ వైపు చాలా చర్చిల్లో వాగ్దానం కార్డులు, అంటే దేవుడు ఇచ్చిన మాటగా ఒక్కో బైబిల్ వచనం రాసిన కార్డులు, పంచుతారు. ఆ కార్డుల్లో గద్దించే వాక్యం ఒక్కటీ కనపడదు, ముందే ఏరి పక్కన పెట్టేస్తారు కాబట్టి. కొత్త ఏడాది పూట అది పెద్ద తప్పేం కాదు గానీ, మిగతా ఏడాదంతా ఇంట్లో కూడా మనం అట్లాగే ఏరుకుని చదువుతున్నాం, నా బాధల్లా అదే.

యిర్మీయా 29:11 తీసుకోండి. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లల వాట్సాప్ స్టేటస్‌లో ఎక్కువగా కనపడే వచనం అది, దేవుడు మన గురించి అనుకున్నవి మేలుకే గాని కీడుకు కావని. దానికి ఒక్క వచనం ముందు, 70 ఏళ్లు నిండాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది. బబులోనుకు చెరగా పట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ పట్టణం కోసమే ప్రార్థన చేయండి అంటాడు. విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఊరు చూడకుండానే పోయుంటారు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పినవాడు ఇంకొకడున్నాడు, ముందు అధ్యాయంలోని హనన్యా, అతనిది అబద్ధ ప్రవచనమని తేలింది. నిజం చెప్పాలంటే మనం యిర్మీయా వచనం పట్టుకుని హనన్యా మాటే వింటున్నాం, ఈ నోటిఫికేషన్‌లోనే జాబ్ వచ్చేస్తుందని.

 

అట్లాగని అవసరంతో బైబిల్ తెరవడమే తప్పంటే నేనొప్పుకోను. ఎంజీఎం ఆస్పత్రిలో బిడ్డ మంచం పక్కన కూర్చుని, దేవుడు కాపాడతాడని చెప్పే 91వ కీర్తన చదివే తల్లిని నీ ఉద్దేశం ఏంటమ్మా అని అడిగే హక్కు ఎవరికీ లేదు, కీర్తనల్లో చాలా అట్లాంటి మొరలే. కానీ మత్తయి 4లో యేసును దేవాలయ శిఖరం మీంచి దూకమంటూ సాతాను ఎత్తి చూపింది కూడా ఆ 91వ కీర్తననే. ఆ తల్లి దేవుణ్ని బతిమాలుతోంది, వాడు దేవుణ్ని పరీక్షకు పెట్టమంటున్నాడు.

ఇంతకంటే చేటు చేసేది ఎదుటివాళ్ల మీదికి వాక్యం విసరడం. మొగుడూపెళ్లాల గొడవ పెద్దమనుషుల దాకా వచ్చిందంటే ఎఫెసీ 5:22 బయటికొస్తుంది, భార్యలు లోబడాలని. మూడు వచనాలు దాటితే, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భర్త భార్యను ప్రేమించాలని ఉంది, పైగా అక్కడి నుంచి అధ్యాయం చివరిదాకా ఎక్కువ మాటలు భర్తకే. 22 నోటికొచ్చినవాడిని 25 కూడా చదవమనండి, బైబిల్ ఎందుకు తెరిచాడో పంచాయితీలో అందరికీ అర్థమైపోతుంది.