ఎనిమిది బిట్లకీ మా పిన్ని షుగర్‌కీ ఏమిటి సంబంధం?

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట కాలేజీ బ్యాచ్ గ్రూపు, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆపైన మా బావమరిది, నిన్న రాత్రి మా పిన్ని. మెసేజ్ ఇదీ: "పైసలు మిగుల్చుకోవడానికి కంపెనీలు వాచీల్లో, గ్లూకోమీటర్లలో 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ తీసేసి 8 బిట్ల లెక్కలు పెడుతున్నాయి. అంటే మీకు కనబడేది నాలుగో వంతు నిజమే. 8 బిట్లు 255 దాటి లెక్కపెట్టలేవు. ఇలాంటి లెక్క వల్లే 1991లో 28 మంది సైనికులు చనిపోయారు. ఫ్లోటింగ్ పాయింట్ ఉన్నవే కొనండి. పది మందికి పంపండి."

పంపారు. ఎంబెడెడ్ కోడ్, అంటే ఇలాంటి వస్తువుల లోపలి చిప్‌లకి ప్రోగ్రాములు రాసుకుని బతికే నాకు కూడా. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే చిన్న గది. ఫ్లోటింగ్ పాయింట్, ముద్దుగా ఫ్లోట్, అంటే చుక్కని అటూ ఇటూ జరుపుతూ చాలా పెద్ద సంఖ్యల్నీ చాలా చిన్నవాటినీ ఒకే తీరున రాసే పద్ధతి.

పైసలు మిగలడం నిజమే, మిగలనివ్వండి. బ్యాటరీ కూడా మిగులుతుంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ 2014లో చూపించిన లెక్క ప్రకారం, 45 నానోమీటర్ల చిప్‌లో 32 బిట్ల ఫ్లోటింగ్ గుణకారానికి 3.7 పికోజౌళ్లు (శక్తికి అతి చిన్న కొలత) ఖర్చయితే, 8 బిట్ల పూర్ణాంక గుణకారానికి 0.2 చాలు. బిళ్ళ బ్యాటరీ మీద నడిచే వస్తువుకి ఆ తేడాయే ప్రాణం.

ఫ్లోట్ ఎప్పుడూ కరెక్టేనా? 32 బిట్ల ఫ్లోట్‌లో 1,67,77,217 దాచి మళ్ళీ చదవండి. 1,67,77,216 వస్తుంది.

ఇక ఆ "నాలుగో వంతు నిజం". 8ని 32తో భాగించారు, నిజం తేలిపోయింది! మైలురాయి మీద మూడంకెలు, పిన్‌కోడ్‌లో ఆరు. కాబట్టి మైలురాయి చెప్పే దూరం సగమే నిజం అన్నమాట. 8 బిట్ల ప్రాసెసర్ ఒక్క గుక్కలో 255 దాకానే పలుకుతుంది, ఒప్పుకుంటాను. ఆ పైన మనం మూడో తరగతిలో చేసినట్టే, ఒకట్లు కూడి, చేతిలో ఒకటి ఉంచుకుని పక్క స్థానానికి వెళ్తుంది. ఎనిమిది బిట్ల గుంపుని బైట్ అంటాం; 300 అంటే పై బైట్‌లో 1 (దాని విలువ 256), కింది బైట్‌లో 44. అంతే. దశాంశాలూ ఇంతే: 28.7 డిగ్రీలని 287గా దాచుకుని, తెర మీద చూపేటప్పుడు చుక్క పెడతాం. రూపాయల్ని పైసల్లో రాసుకున్నట్టు. ధాన్యం లారీనీ ముక్కుపుడకనీ ఒకే కాటా మీద తూచాల్సిన చోట ఫ్లోట్ కావాలి. షుగర్‌కి అక్కర్లేదు.

పైగా గ్లూకోమీటర్‌కి ఐఎస్ఓ 15197 ప్రమాణం ఇచ్చిన వెసులుబాటు ఎంతో తెలుసా? 2013 నాటి నిబంధన ప్రకారం షుగర్ 100, ఆ పైన ఉంటే, నూటికి 95 రీడింగులు 15 శాతం తేడాలోపు ఉంటే చాలు. అసలు విలువ 200 అయితే 170 చూపినా, 230 చూపినా పాసే. మామిడిపండు తిన్న చెయ్యి కడుక్కోకుండా సూది గుచ్చుకుంటే ఇంకా గొప్పగా చూపిస్తుంది. ఈ గందరగోళంలో మీ 32 బిట్ల ఫ్లోట్ ఇచ్చే ఏడంకెల కచ్చితత్వాన్ని ఎక్కడ పెట్టుకోమంటారు? ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ ఈ మెసేజ్ చదివి మా పిన్ని సోమవారం నుంచి మీటర్‌ని సొరుగులో పడేసింది. రాత్రి ఫోన్‌లో అరగంట బతిమాలితే గానీ బయటికి తియ్యలేదు.

1991 సంగతి. సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో, మీదికొచ్చే క్షిపణుల్ని కూల్చే అమెరికా పేట్రియాట్ వ్యవస్థ పదో వంతు సెకన్లలో కాలం లెక్కపెట్టేది. పూర్ణాంకంగా ఉన్నంతసేపు ఆ లెక్క కచ్చితంగానే ఉంది. దాన్ని సెకన్లలోకి మార్చేటప్పుడు చెడింది. పదో వంతు బైనరీలో (సున్నాలూ ఒకట్లతో రాసే లెక్కలో) ఎంతకీ తెగదు, దాన్ని 24 బిట్ల దగ్గర కోసేశారు. వంద గంటలు ఆపకుండా నడిపేసరికి 0.34 సెకన్ల తేడా వచ్చి, మీదికొస్తున్న క్షిపణిని పట్టలేకపోయింది. మెసేజ్ రాసినాయన నెత్తిన పెట్టుకునే 32 బిట్ల ఫ్లోట్‌లో అంకెలకి దక్కేది ఎన్ని బిట్లనుకున్నారు? ఆ 24 బిట్లే.

అయితే ఒక భయం మాత్రం న్యాయమైనది, అదేమో మెసేజ్‌లో లేదు. పూర్ణాంకం పొంగిపోతే నోరెత్తి చెప్పదు. 127ని 127తో గుణిస్తే 16,129. అలాంటివి మూడు కూడితే 48,387. మైనస్‌లకీ చోటిచ్చే 16 బిట్ల గది 32,767తో నిండిపోయి, లెక్క మైనస్ వైపు నుంచి మళ్ళీ మొదలవుతుంది కాబట్టి చేతికొచ్చేది మైనస్ 17,149. ఫ్లోట్‌లో రాసుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఒకసారి నేను చేసిన తూకం యంత్రం మీద బస్తా పెడితే మైనస్ చూపించింది. రెండు రోజులు సెన్సర్ వైర్లు మార్చి మార్చి చూశాను. తప్పు నా కోడ్‌లో ఉంది, 32 పెట్టాల్సిన చోట 16 పెట్టాను. ఆ లైన్ పక్కన "ఇక్కడ 16 పెట్టకురా" అని రాసుకున్న కామెంట్ ఇప్పటికీ అలాగే ఉంది.