తెరకు తోటి వేషం

మన తిరుపతి గంగమ్మ జాతరలో తోటి వేషం కట్టేవాళ్లు ఒళ్లంతా బొగ్గు మసి పూసుకుంటారు. ఆ వేషం మే నెలలోనే కడతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. మొన్న ఒక థియేటరులో తెరకే ఆ వేషం కట్టి, ఏడాది పొడవునా మొక్కు తీర్చుకుంటున్నారని తెలిసింది. థియేటరు పేరు చెప్పను. చెప్పినా ఆ చీకట్లో మీకు కనిపించదు.

సినిమా దయ్యాలది. అరుపులు, పరుగుల బాపతు కాదు, నింపాదిగా సాగేది. ఎడతెగని వాన, పాత పెంకుటిల్లు, పెరట్లో నుయ్యి, ఒక ముసలమ్మ, ఆమె చేతిలో లాంతరు. ఇదంతా నేను పోస్టరు చూసి చెబుతున్నాను. తెరమీద లాంతరు ఒక్కటే కనిపించింది, అదీ మిణుగురు పురుగంత.

ఆపరేటరు చెవిలో చెప్పిన కారణం చాలా ఉదాత్తమైనది. ప్రొజెక్టరులోని జినాన్ దీపం వయసు మీరేకొద్దీ మసకబారుతుంది. మార్చాలంటే డబ్బు కావాలి. తెరమీద 14 ఫుట్-లాంబర్టుల వెలుతురు ఉండాలని డిజిటల్ సినిమా ప్రమాణం. యాజమాన్యం ఆ పద్నాలుగును లోకాల లెక్క అనుకుని, మన హాలును అట్టడుగున ఉన్న పాతాళానికి కేటాయించింది. టికెట్టు మీద 18 శాతం జీఎస్టీ మాత్రం అంకెతో సహా స్పష్టంగా కనిపించింది.

విరామానికి ముందు నూతి ఘట్టం వచ్చింది. ముసలమ్మ లాంతరు ఎత్తి నూతిలోకి తొంగి చూస్తుంది. చూస్తూనే ఉంటుంది. లోపల ఏదో ఉంది, ఆమె ఊపిరి బిగబట్టిన చప్పుడు మాకు వినిపించింది. "చెయ్యి" అన్నారు వెనక వరసలో ఒకరు. "చెయ్యి కాదు, బొక్కెన" అన్నారు ఇంకొకరు. అది అసలు నుయ్యే కాదు, రోలు అని మా ఆవిడ.

మా ముందు వరసలో కొండ దిగి వచ్చిన కుటుంబం ఒకటి కూర్చుంది, రాత్రి రైలు దాకా కాలక్షేపానికి. తాతగారు మొదలుకొని మూడేళ్ల మనవడి దాకా అయిదు గుండ్లు. చందనం ఇంకా ఆరలేదు. తలుపు మీది ఆకుపచ్చ 'బయటకు దారి' బోర్డు, అంటే ఆ హాల్లో సరిగ్గా పనిచేస్తున్న ఏకైక దీపం, ఆ గుండ్ల మీద పడుతోంది. పాప్‌కార్న్ కొనుక్కుని మెట్లు తడుముకుంటూ వస్తున్న ఒకావిడకు నడుం ఎత్తున అయిదు పచ్చటి బంతులు వరసగా తేలుతూ కనిపించాయి. వాటిలో చిన్నది ఆవలించింది. ఆవిడ పెట్టిన కేకకు హాలంతా కేకేసింది. అయిదు గుండ్లూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి అరిచాయి. అది చూసి ఆవిడ మళ్లీ అరిచింది. ఎవరో "గోవిందా" అన్నారు, మిగిలినవాళ్లు అందుకున్నారు. పాప్‌కార్న్ మా అందరి మీదా అక్షింతల్లా రాలింది. ఆ సినిమాలో జనం భయపడిన ఘట్టం ఇదొక్కటే.

విరామంలో మేనేజరును అడిగాను. "చీకటి సినిమా కదా సార్, చీకటిగానే ఉంటుంది" అన్నాడు. ఈ లెక్కన వాన సినిమాకు కప్పు ఊడదీస్తారు కాబోలు.

చీకటిని కూడా వెలుతురుతోనే తీస్తారయ్యా! లాంతరు వెలుగు నూతి గోడ మీద ఎంతవరకు పాకాలో, ఎక్కడ ఆగాలో జానెడు జానెడు కొలిచి పెట్టినవాళ్లు ఉంటారు. 1922లో జర్మన్లు ఒక మూగ సినిమాలో నీడను మెట్లెక్కిస్తే, వందేళ్లు దాటినా దాని వేళ్లు మనకు కనిపిస్తున్నాయి. నింపాదిగా నడిచే దయ్యం సినిమాలో మనకుండే పని వెతకడమే. మూల వెతుకుతాం, తలుపు సందు వెతుకుతాం, ఇందాక లేనిది ఇప్పుడుందేమోనని చూస్తాం. భయం పుట్టేది ఆ వెతుకులాటలోనే. దీపం తగ్గించేస్తే మిగిలేది బస్టాండు. రాని బస్సును చూసి ఎవరు భయపడతారు?

ఇంతా చేసి, నింద ఎవరి మీద పడింది? బయటకు వచ్చినవాళ్లందరిదీ ఒకే మాట, "సాగదీశాడు" అని. "కనిపించలేదు" అన్నవాడు ఒక్కడు లేడు! రెండో వారానికి సినిమా ఎత్తేస్తారు. మనవాళ్లకు ఇలాంటివి ఎక్కవని తీర్మానిస్తారు. ఎందుకు ఎక్కవు? మే నెల ఎండలో, పట్టపగలు, నడివీధిలో వేషాలు చూసి ఒళ్లు జలదరించే ఊరు ఇది. అమ్మవారి విశ్వరూపం కోసం రాత్రంతా మేలుకుని నిలబడే ఊరు. ఈ ఊరికి ఓపిక లేదా? ఒక్క దీపం ఖర్చు మిగుల్చుకోవడానికి మా కళ్లనూ, ఆ దర్శకుడి పేరునూ కలిపి తాకట్టు పెట్టిన మీకు సిగ్గు లేదు. జాతరలో వేషం కట్టినవాళ్లకు బూతులు తిట్టే హక్కుంటుంది. నేను మామూలు చొక్కాలో రాస్తున్నాను కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

బయట మెట్ల దగ్గర గుండు తాతగారు నన్ను ఆపారు.

"బాబూ, ఇంతకీ నూతిలో ఏముంది?"

"నాకూ కనిపించలేదండీ. ఓటీటీలోకి వస్తే చూసి చెబుతాను."

ఆయన టికెట్టు వెనక తన ఫోను నంబరు రాసిచ్చి, మనవణ్ణి చంకనెత్తుకుని స్టేషనుకు బయలుదేరారు.