చేతికి తెలిసే తెలుగు

మొన్న డిసెంబరులో మా 14 నెలల పాపను తీసుకుని అమెరికాలోని డాలస్ నుంచి హైదరాబాద్ వెళ్లాను. వదిన పట్టుబట్టి కొండాపూర్‌లో ఒక సెన్సరీ ప్లే క్లాసుకు, అంటే పిల్లలు తాకి, పిసికి ఆడుకునే క్లాసుకు, తీసుకెళ్లింది. రంగులద్దిన బియ్యం, ఉడికించిన పాస్తా, టబ్బు నిండా నురగ. ముప్పావు గంటకు 900 రూపాయలు. మాతో వచ్చిన అమ్మ అంతా చూసి, ఆటో ఎక్కాక ఒక్కటే మాట అన్నది: "బియ్యం పారవోసుటానికి పైసలు కట్టుడేంది బిడ్డా?"

నవ్వొచ్చింది గానీ, ఆ క్లాసు దండగని మాత్రం అనను. పిసికి, విసిరి, నోట్లో పెట్టుకుని చూస్తేనే కదా ఏది మెత్తన, ఏది బరువు అన్నది ఆ వయసుకు తెలిసేది. ఫోను చూపిస్తూ ముద్దలు పెట్టే ఇళ్లలో ఆ వీలు తక్కువ. రెండేళ్లు నిండేదాకా స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. వింటున్నదెవరు?

నా బాధ వేరు. అక్కడ ఉన్నంతసేపూ ఒక్క తెలుగు మాట వినపడలేదు. టీచర్ "సాఫ్ట్, సాఫ్ట్" అంటే, ఎదురుగా కూర్చున్న తల్లులమంతా "సాఫ్ట్, సాఫ్ట్" అన్నాం. నేనూ అన్నాను. డాలస్‌లో మా ఇంట్లో జరిగేదీ అదే.

మర్నాడు నల్లకుంటలో అమ్మ జొన్నరొట్టెలు చేస్తూ పాపకు గోరువెచ్చని పిండిముద్ద ఒకటి ఇచ్చింది. జొన్నపిండి గోధుమపిండిలా సాగదు, నొక్కితే అంచులు పగులుతాయి. పాపకు ఆ పగలడమే ఆట. అమ్మ రొట్టె తడుతూనే, "పలిగిందా? జర నీళ్లు పోద్దామా? చేతులన్నీ జిగట జిగట అయినయా?" అని అడుగుతూనే ఉంది. డాలస్‌లో మా ఆదివారం తెలుగు క్లాసు పిల్లలు 'జిగట' పక్కన 'స్టికీ' అని రాసుకుని బట్టీ పడతారు. పాపకు ఆ మాట వేళ్లకంటుకుని వచ్చింది.

2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకు మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడిస్తూ మాట్లాడితే, 12 సార్లకే పిల్లలు ఆ భాష ధ్వనుల్లో తేడా పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలో వినిపిస్తే పట్టుకోలేదు. మనమేమో యూట్యూబ్‌లో తెలుగు పాటలు పెట్టేసి నిశ్చింతగా ఉంటాం, తర్వాత ల, ళ తేడా పలకడం లేదని బాధపడతాం.

అలాగని అమ్మ చేసేవన్నీ ఒప్పుకోలేదు. నానబెట్టిన శనగలు పాప చేతికివ్వబోతే లాక్కున్నాను, గొంతుకు అడ్డం పడతాయి. క్లాసులో ఆ రంగుబియ్యం దగ్గరా పాప నోటి మీదే కన్నేసి కూర్చున్నాను. ముక్కులో నూనె చుక్కలు వద్దన్నాను. కాటుక కూడా వద్దన్నాను, కొన్నింటిలో సీసం ఉంటుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

డాలస్‌లో మన తెలుగువాళ్ల సంఘం నడిపే తెలుగు బడి ఐదేళ్లకు మొదలవుతుంది. నన్నడిగితే అంతకుముందే నెలకో శనివారం, మూడేళ్లలోపు పిల్లలకు హాల్లో చాప పరచి పిండి, నీళ్లు, నాలుగు గిన్నెలు పెట్టాలి. ఆరు నెలలుందామని వచ్చి, పగలంతా సీరియళ్లు చూస్తూ సోఫాలో విసిగిపోయే అమ్మమ్మలు, నానమ్మలు మనలో ఎందరి ఇళ్లలో లేరు? వాళ్లు పిల్లల పక్కన కూర్చుని కబుర్లు చెబితే చాలు, టీచర్లు అక్కర్లేదు. కార్పెట్ పాడవుతుందని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పాత దుప్పట్లు నేను తెస్తాను.