తేనెటీగలకు క్రమశిక్షణ నేర్పాలి

మాఘం ముగింపుకొచ్చింది. ఒంగోలు చుట్టుపక్కల మామిడి పూత విచ్చింది, మునగ తెల్లగా విరబూసింది, ఇంకో నెలలో వేప, కానుగ కూడా అందుకుంటాయి. ఇంత మంచి ముహూర్తంలో మా కాలనీకి ఒక్క తేనెటీగ కూడా హాజరు కాలేదు. ఇది నిర్లక్ష్యం కాదు, ధిక్కారం.

మనం చేసిన ఏర్పాట్లకేం తక్కువ? ప్రపంచ దేశాలు ఓడల మీద తెప్పించుకునే గెలాక్సీ గ్రానైటు మనకు పక్కనే చీమకుర్తిలో దొరుకుతుంది. వీధి గేటు నుంచి పెరటి గోడ దాకా అరచేతి వెడల్పు మట్టి కూడా కనపడకుండా పరిచాం. తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం అసలు పట్టే కట్టవనీ, ఒంటరిగా నేలలో బొరియ తవ్వుకుని గుడ్లు పెడతాయనీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పెట్టుకోనివ్వండి, ఎవరు కాదన్నారు? కాస్త గట్టిగా తవ్వాలి, అంతే. పనిచేసే జీవులని పేరు మోసినవాటికి ఆ మాత్రం ఓపిక ఉండొద్దా?

పూల విషయంలోనూ రాజీ పడలేదు. ఒంటిరెక్క మందారం బీదగా ఉందని పీకించి ముద్దమందారం నాటాం. ముద్దపువ్వులో కేసరాలు చాలావరకు రెక్కలుగా మారిపోతాయి కాబట్టి పుప్పొడి పెద్దగా ఉండదట. అయితే ఏంటి? పెళ్లికి వచ్చినవాళ్లంతా భోజనానికే వస్తారా? రోడ్డు మధ్య డివైడర్ల మీద కోనోకార్పస్ ఉంది. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఎవరినీ బతిమాలదు. అలాంటి చెట్టును చూసైనా మిగతా మొక్కలు బుద్ధి తెచ్చుకోవాలి.

ముఖ్యంగా వంగ. దాని పువ్వులో పుప్పొడి కేసరాల కొసనున్న సన్నటి బెజ్జాల్లోంచే రాలాలి. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. నల్లతుమ్మెద వచ్చి, పువ్వును కరుచుకుని ఝుమ్మని ఒళ్లు అదిలిస్తే అప్పుడు రాలుతుంది. ఆ తుమ్మెదగారికి కాపురానికి ఎండు దూలాలు, వాసాలు, వెదురు బొంగులు కావాలి. మనమేమో యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకున్నాం. చెదపురుగుకే చోటివ్వని ఇంట్లో తుమ్మెదకు వాటా ఎలా ఇస్తాం?

మామిడి సంగతి మరీ ఘోరం. దాని పూతకు సంబంధాలు కుదిర్చేది చాలావరకు ఈగలే. ఆస్ట్రేలియాలో కొందరు మామిడి రైతులు ఈగల కోసం తోటల్లో కుళ్లిన మాంసం వేలాడదీస్తారు. మనకు కొత్తపట్నం తీరం దగ్గరే, చేపలకు కరువు లేదు. ఈ మాట కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టినందుకు నన్ను అడ్మిన్ హోదా నుంచి తీసేశారు. బంగినపల్లి మాత్రం అందరికీ కావాలి.

ఇక పురుగుమందులు తేనెటీగలను చంపుతాయన్న అపవాదు. ఇమిడాక్లోప్రిడ్‌తో సహా మూడు మందులను ఆరుబయట వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. చలిదేశాల వాళ్లు, సున్నితం. పూత మీద కొట్టొద్దు, తప్పదంటే పొద్దుగూకాక కొట్టమని వ్యవసాయం తెలిసినవాళ్లు ఇక్కడా చెబుతూనే ఉన్నారు. కానీ సాయంత్రం సీరియళ్లుంటాయి కదా. మావాళ్లకు ఖాళీ దొరికేది ఉదయం తొమ్మిదింటికి, తేనెటీగలు డ్యూటీకొచ్చేదీ అప్పుడే. ఇందులో కుట్రేముంది, టైము కలిసింది.

అసలు కుట్ర వీధి చివరి పెంకుటింట్లో ఉంది. అక్కడ ఒక అవ్వ. పెరడంతా చిందరవందర. ముదిరి పూతకొచ్చిన కొత్తిమీర, ముల్లంగి, ఎవరూ నాటని తుమ్మి, గడ్డిచేమంతి, విరిగిన మట్టిగోడ, బెజ్జాలు పడ్డ వాసాలు, పగిలిన మూకుట్లో గులకరాళ్లేసి నీళ్లు. మన పన్నులతో నిమిత్తం లేకుండా జిల్లాలోని ఈగలూ తుమ్మెదలూ అక్కడే మకాం. "అవ్వా, ఆ ముదురు కొత్తిమీర పీకెయ్యరాదా?" అని మర్యాదగానే అడిగాను.

"విత్తనానికి వదిలా నాయనా. నీకేం అడ్డమొచ్చింది?" అంది. పైగా చేతిలో నాలుగు వంకాయలు పెట్టింది. లంచమని తెలిసీ తీసుకున్నాను, సాక్ష్యం కోసం. కూర బాగానే ఉంది.

ఇంతలో మా సొరపాదు పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయి. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగులు వచ్చి పని చక్కబెట్టాలి. అవేమో మేం పెట్టించిన ఫ్లడ్‌లైటు చుట్టూ గిరగిరా తిరుగుతూ డ్యూటీ మరిచిపోతున్నాయి. అందుకని మొన్న మీటింగులో తీర్మానం చేశాం. మగపువ్వు తుంచి ఆడపువ్వుకు అద్దడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలని. ఐడీ కార్డు, టార్చిలైటు, యూనిఫాం సంఘం ఇస్తుంది. యూనిఫాం పసుపు, నలుపు చారల్లో ఉండాలని ఒకరు పట్టుబట్టారు. నైట్ అలవెన్సు దగ్గర చర్చ తెగక వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.