ఏరు దాటాక తెప్ప తగలేస్తారా?

ఊరు ఏదైనా అర్జీ ఒక్కటే. నీటి ఒడ్డున లేచిన భవనంలో కింది అంతస్తును కళాకేంద్రానికి వదిలామని, రెండేళ్లయినా దాన్ని తీసుకోవడానికి ఎవరూ రాలేదని, తాళం పడిన హాలు నగరానికి శోభ కాదు కాబట్టి షోరూముకో ఆఫీసుకో ఇచ్చుకోనివ్వాలని బిల్డర్ కోరతాడు. అప్పటికి పైనున్న ఫ్లాట్లన్నీ అమ్ముడైపోయి ఉంటాయి. ఆ ఫ్లాట్లకు, ఆ ఎత్తుకు అనుమతి దొరికిందే కింది అంతస్తు జనానిదన్న హామీ మీద. ఏరు దాటించిన తెప్పను ఒడ్డున తగలేస్తామని ఇప్పుడు అడుగుతున్నారు. అడగడం వాళ్ల పని. దానికి ‘స్వల్ప సవరణ’ అని పేరు పెట్టి, బహిరంగ విచారణ లేకుండా, ఒక్క ఫైలు నోటుతో సరేననడం మాత్రం ప్రజల తరఫున కుర్చీలో కూర్చున్నవాళ్లు చేయదగిన పని కాదు.

రేవులు లోతు నీళ్లకు తరలిపోయాయి, గోదాములు ఖాళీ అయ్యాయి, ఆ జాగాలో టవర్లు లేచాయి. పాఠకులకు ఈ కథ కొత్త కాదు. అందరూ మరిచిపోతున్నది ఒక్కటే: ఆ జాగాలో చాలా భాగం ఒకప్పుడు నీరే. పూడ్చి నేల చేసినంత మాత్రాన దాని మీద జనం హక్కు పూడిపోదు. సముద్రమూ దాని ఒడ్డూ అందరివీ అని 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన రోమన్ ధర్మశాస్త్రంలోనే ఉంది. షికాగో దగ్గర సరస్సు అడుగు నేల వెయ్యి ఎకరాలకు పైగా 1869లో ఇల్లినాయ్ శాసనసభ ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చింది. నాలుగేళ్లకు తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకోవడమే సరైనదని 1892లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. బియాస్ నది ఒడ్డున కట్టిన ఒక రిసార్టు కేసులో 1996లో మన సుప్రీంకోర్టు అదే సూత్రాన్ని మన చట్టంలో భాగం చేసింది. ఇలాంటి వనరులకు ప్రభుత్వం ధర్మకర్తే తప్ప యజమాని కాదంది. సొత్తు తనది కాని ధర్మకర్తకు సవరణ పేరుతో దాన్ని ఒకరి చేతిలో పెట్టే అధికారం ఎక్కడిది?

ఖాళీ హాలు కంటే నడిచే దుకాణం నయమని, కాలం మారితే ప్రణాళికా మారాలని కొందరంటారు. ఖాళీ భవనం ఎవరికీ మేలు చేయదన్నది నిజమే. కానీ ఆ హాలు ఎందుకు ఖాళీగా ఉందని వాళ్లెవరూ అడగరు.

ఖాళీగా ఉండిపోయేలా కట్టారు కాబట్టే అది ఖాళీగా ఉంది. నాటకానికి, నాట్యానికి వేదిక పైన లైట్ల గ్రిడ్డు వేలాడాలంటే నేల నుంచి బీము అడుగుకు కనీసం ఆరేడు మీటర్ల ఎత్తు కావాలి. బిల్డర్ ఇచ్చేది దుకాణానికి సరిపోయే నాలుగు, నాలుగున్నర మీటర్లు. ఏసీ డక్టులు వేశాక అందులోనూ అర మీటరు పోతుంది. ఫ్లాట్ల కోసం, సెల్లార్ పార్కింగ్ కోసం ఎనిమిది మీటర్లకొకటి చొప్పున వేసిన స్తంభాలు హాలు నడిమధ్యలోంచి దిగుతాయి. సగం మంది ప్రేక్షకులకు వేదిక కనిపించదు. పై బరువును పక్కలకు మళ్లించే భారీ బీములను స్ట్రక్చరల్ డిజైన్ దశలోనే వేయాలి. భవనం లేచాక ఏ స్తంభాన్నీ తీయలేం. శబ్దం సంగతి సరేసరి. పైన జనం నిద్రపోయే ఇళ్లున్నప్పుడు హాలును గదిలో గదిలా కట్టాలి. నేలను రబ్బరు దిమ్మెల మీద తేల్చాలి, గోడలను అసలు కట్టడానికి తగలకుండా విడదీయాలి. ఆ మందానికి స్లాబులో ముందే చోటు వదలకపోతే తొలి కచేరీ రాత్రే పై అంతస్తు నుంచి పోలీసులకు ఫోను వెళ్తుంది.

తలుపు సంగతి వేరు. నీటి ఒడ్డు భవనానికి వెనుకవైపంటూ ఉండదు. ఒక పక్క నీరు, మరో పక్క వీధి, రెండూ ముఖద్వారాలే. లారీ వచ్చి సెట్టు దించడానికి, పియానో దించడానికి మూడు మీటర్ల వెడల్పు తలుపు ఎక్కడో మొదటి డ్రాయింగులోనే తేల్చకపోతే ఇక దానికి చోటే ఉండదు. దాన్ని తేల్చకుండానే ప్లాన్లు మంజూరవుతున్నాయి. విద్యుత్ ప్యానెళ్లు, చిత్రాలు దాచే గది సెల్లార్‌లో పెడతారు, వరద వచ్చినప్పుడు మొదట మునిగేది అవే. సముద్రమైతే ఉప్పుగాలి ఏసీ కాయిళ్లను తినేస్తుంది. మ్యూజియంలో గాలి తేమ నిలకడగా ఉండాలంటే యంత్రాలు రాత్రింబవళ్లు ఆడాలి. ఆ కరెంటు బిల్లు ఎవరిదో ఒప్పందంలో ఒక్క ముక్కా ఉండదు. పైగా అప్పగించేది సిమెంటు డొల్ల. ఫ్లోరింగు, వైరింగు, మరుగుదొడ్లు, కుర్చీలు అన్నీ వచ్చే నాటక సంఘమే పెట్టుకోవాలి. అద్దె నామమాత్రమని గొప్పగా ప్రకటిస్తారు, నిర్వహణ రుసుము మాత్రం పక్క షోరూముతో సమానంగా చదరపు అడుగుల లెక్కన గుంజుతారు. ఇన్ని చేసి, ఎవరూ రాలేదంటారు. ఆ వాదనను నమ్మి సవరణ ఇస్తే, రేపు ప్రతి బిల్డరూ పనికిరాని హాలు కట్టడమే లాభమని నేర్చుకుంటాడు.

మా భయం అదే. ఒక సవరణ తర్వాతి సవరణకు దారి వేస్తుంది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఇన్నర్ హార్బర్ అనే రేవు ఒడ్డును చూడండి. ఒడ్డంతా పార్కుగా ఉంచుతూ 3.2 ఎకరాల్లో మాత్రం తినుబండారాలకు, దుకాణాలకు చోటిస్తామన్న హామీతో 1978లో జనం ఓటేశారు. రెండేళ్లకు హార్బర్‌ప్లేస్ అనే దుకాణాల సముదాయం తెరుచుకుంది. ఆ దుకాణాలు కళతప్పాక 2024 నవంబరులో మళ్లీ ఓటు పెట్టి, 3.2ను 4.5 ఎకరాలు చేశారు, అపార్ట్‌మెంట్లకు, పార్కింగుకు కూడా తలుపు తీశారు. అక్కడ కనీసం జనాన్ని అడిగారు. సిడ్నీలో ఒకప్పటి రేవు జాగా అయిన బరంగరూలో 2007లో ఆమోదించిన ప్రణాళిక మొత్తం నిర్మాణం 3,88,300 చదరపు మీటర్లంది. సవరణ మీద సవరణ వచ్చి అది ఆరు లక్షలకు చేరువైంది. మొదట నీటి మీదకు జరిపిన హోటల్ మీద గొడవైతే దాన్ని ఒడ్డుకు తెచ్చి పార్కు కోసం అనుకున్న నేల మీద నిలబెట్టారు. ఈరోజు అక్కడున్నది 271 మీటర్ల క్యాసినో టవరు. ఏ ఒక్క సవరణనూ విడిగా చూస్తే కొంప మునిగినట్టు కనిపించదు. అన్నీ కలిపి చూస్తేనే మునిగింది ఏమిటో తెలుస్తుంది.

బోస్టన్ నిబంధనలు ఇంకా కచ్చితమైనవి. 1866 నాటి తీర చట్టం కింద, మామూలు భవనం నీటికి 100 అడుగుల లోపు 55 అడుగుల ఎత్తు దాటకూడదు, వెనక్కి జరిగే ప్రతి అడుగుకూ అర అడుగే పెరగాలి. అక్కడా హార్బర్ ప్లాన్ అనే సవరణ దారిలో 600 అడుగుల టవరుకు ద్వారం తెరిచారు. ఆ పద్ధతి చెల్లదని 2022లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. కోర్టుకెక్కే పౌరులుంటే ఆగింది. లేని చోట?

హాలు పోతే పోయింది, ఒడ్డున నడవడానికి బాట ఉందిగా అని సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారు. బాటకు పట్టే గతీ అంతే. న్యూయార్కులో తీరం వెంట పెద్ద భవనాలు 40 అడుగుల వెడల్పున జనం బాట వదలాలని నిబంధన. బిల్డర్లు నగరానికి హామీ ఇచ్చి నిర్వహించే బహిరంగ స్థలాలు 333 ఉంటే 182 చోట్ల షరతులు పాటించడం లేదని 2017లో అక్కడి కంప్ట్రోలర్ (నగర ఖాతాలు తనిఖీ చేసే అధికారి) ఆడిట్ తేల్చింది. ఎలా పోతుందో చూస్తే అర్థమవుతుంది. ముందు రెస్టారెంటు రెండు వరసల కుర్చీలు బయటికి జరుపుతుంది. తర్వాత వాటి చుట్టూ పూలకుండీలు వస్తాయి. ఆ తర్వాత రాత్రి భద్రత పేరుతో గేటు. చివరికి గార్డు వచ్చి గాలం పట్టుకున్నవాణ్ని, గిటారు పట్టుకున్నవాణ్ని అదిలిస్తాడు. జనానిదని చెప్పే బోర్డు ఎక్కడా కనిపించదు, కనిపించినా మరుగుదొడ్డి ఉండదు. మరుగుదొడ్డి, నీడ, తాగునీరు లేని బాట మీద ముసలివాళ్లు, పిల్లల తల్లులు ఎంతసేపు నిలుస్తారు? లండన్‌లో థేమ్స్ మీద తలపెట్టిన గార్డెన్ బ్రిడ్జికి అర్ధరాత్రి తాళాలు, ఏడాదికి 12 రోజులు ప్రైవేటు విందులు ముందే రాసుకున్నారు. 2017లో అది రద్దయ్యేసరికి 5.3 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి, అందులో 4.3 కోట్లు జనం సొమ్ము.

చేయాలనుకుంటే చేయొచ్చు. ఓస్లోలో 2008లో తెరిచిన ఒపెరా భవనం పైకప్పు వాలుగా నీటిలోకి దిగుతుంది. టికెట్ లేనివాడూ దాని మీద నడిచి కూర్చుంటాడు. కోపెన్‌హేగెన్ మురుగు నీరు పొంగి రేవులో కలవకుండా నిల్వ ట్యాంకులు కట్టింది, 2002లో నగరం నడిబొడ్డున ఈత కొలను తెరిచింది. ఈ రెండూ మిగులు జాగాలో ఇరికించిన హాళ్లు కావు. హాంబర్గ్ కచేరీ భవనంలా ఖజానా మీద పడే భారం 7.7 కోట్ల యూరోల అంచనా నుంచి 78.9 కోట్లకు ఎగబాకే ప్రమాదమూ ఉంది, అది కాదనం. అందుకే లెక్క ముందే తేలాలి.

ముందు తేలాల్సినవి మరీ కష్టమైనవి కావు. హాలు ఎత్తు, స్తంభం లేని వెడల్పు, లారీ తలుపు, వరద మట్టం మంజూరు ప్లాన్‌లోనే అంకెల్లో ఉండాలి. నాటక సంఘమో సంగీత సంఘమో ఆ ప్లాన్ చూసి సరేనన్నాకే సంతకం పడాలి. కింది అంతస్తు పూర్తిగా సిద్ధమయ్యేదాకా పై అంతస్తులకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు, ఎందుకంటే బిల్డర్ మెడ వంచే తాడు అదొక్కటే. పదేళ్ల నిర్వహణ ఖర్చుకు బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలి. షరతు దస్తావేజులో ఎక్కాలి, భవనం చేతులు మారినా అది మారకూడదు. హాలు నడవకపోతే అది నగరం చేతికి రావాలే గానీ బిల్డర్ చేతికి తిరిగి వెళ్లకూడదు. ఈ ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే వాడుక మార్చమనే అర్జీలు సగం పుట్టకుండానే పోతాయి.

ఇవేవీ రాయించుకోకుండా సంతకం పెట్టినవాళ్లే ఇప్పుడు ఖాళీ హాలును చూపించి నిట్టూరుస్తున్నారు. ఆ ప్లాన్ మీద ముద్ర మీది. స్తంభాలు మీరు చూశారు, తలుపు లేదని మీకు తెలుసు. మీ అలసత్వాన్ని కప్పుకోవడానికి జనం ఒడ్డును సవరించకండి. అర్జీని తిప్పి పంపండి, హాలును పనికొచ్చేలా బిల్డర్ ఖర్చుతోనే మళ్లీ కట్టించండి.