బాల్కనీలో వెలసిన గ్రావెల్ సైకిల్ గారికి

అయ్యా,

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాటుకున్న ఒకే ఒక్క బాల్కనీలో, కంకర దారులూ మట్టి దారులూ తొక్కడానికే పుట్టిన తమరు కొలువుదీరాక మా బట్టలు హాల్లో ఫ్యాను కింద ఆరుతున్నాయి. వాన జల్లు కొడితే తమరి చైను తుప్పు పడుతుందట. అందుకని రాత్రిళ్లు మా ఆయన తమరిని లోపలికి తెచ్చి అత్తగారి మంచం పక్కన నిలబెడుతున్నారు. ఆవిడ ఒకసారి చీకట్లో లేచి, ఎవరో చుట్టాలొచ్చారనుకుని "ఎప్పుడొచ్చావు నాయనా" అని తమరిని పలకరించారు కూడా.

ఇదంతా ఫిన్లాండ్ చలవ. ఆఫీసు పని మీద మా ఆయన్ని హెల్సింకి పంపితే నేనూ వెంట వెళ్లాను. ఊరికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నూక్సియో అని నేషనల్ పార్కు, 1994లో పెట్టారు. ఆ వైపు అడవుల్లో గైడ్‌తో ఒకరోజు సైకిల్ యాత్ర. తొక్కేది మనమే, చెమట మనదే, ఎదురు డబ్బులూ మనమే ఇవ్వాలి. అయినా ఒట్టు, బాగుంది. పైన్, స్ప్రూస్, బర్చ్ చెట్లు, మలుపు తిరిగితే ఒక చెరువు. పార్కుకి గుర్తు ఎగిరే ఉడుత. అది రాత్రిపూట తిరిగే రకం, మాకు దర్శనమివ్వలేదు.

గైడ్ అమ్మాయి మొదట చేసిన పని మా టైర్లలో గాలి తగ్గించడం. గాలి తక్కువుంటే టైరు రాళ్ల మీద ఎగిరిపడకుండా నేలను పట్టుకుని పోతుందట. అక్కడి అడవుల్లో కంకర దారులు చాలావరకు కలప లారీల కోసం వేసినవి. మధ్యలో ఆగి ఫ్లాస్కులో కాఫీ, దాల్చినచెక్క బన్ను ఇచ్చి, పొదల్లో బ్లూబెర్రీలు కోసుకుని తినమంది. ఎవరివమ్మా అనడిగాను. అడవి ఎవరిదైనా పళ్లు ఎవరైనా కోసుకోవచ్చు, ఇక్కడ అందరికీ ఉన్న హక్కే అంది. మా ఊళ్లో పక్కింటి మామిడికాయ మన దొడ్లో రాలితే తగువు పంచాయతీ దాకా పోతుంది. అటూ ఇటూ చూసుకునే దోసెడు తిన్నాను.

అంతవరకూ తమరితో నాకు పేచీ లేదు. ఇక్కడికొచ్చాక తమరిని కొన్నారు. నాకు చెప్పిన ధరకీ, బిల్లులో ఉన్న ధరకీ మధ్య ఒక స్కూటీ పడుతుంది.

తమరి గొప్పలు రోజూ వింటూనే ఉన్నాను. 40 మిల్లీమీటర్ల టైరు. లోపల ట్యూబు ఉండదు, తెల్లటి ద్రవమేదో పోస్తారు, ముల్లు దిగితే అదే గడ్డకట్టి చిల్లు మూసేస్తుంది. 2022లో ఇటలీలో తమరికి తొలి ప్రపంచ చాంపియన్‌షిప్పు కూడా జరిగింది. ఇంతటి మొనగాడు ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మాత్రం రారు. మెట్రో పనులు, గుంతలు, నీళ్ల ట్యాంకర్లు తమరి ఒంటికి పడవు. కాబట్టి ఆదివారం తెల్లారకుండానే తమరిని కారు వెనక కట్టి, నంది కొండల దాకా అరవై కిలోమీటర్లు మోసుకెళ్లి దించుతాం. దార్లో దొరికే ఇడ్లీ కోసం నేనూ వెళ్తాను, అబద్ధమెందుకు.

మొన్న కొండ కింద ద్రాక్షతోటల మధ్య మట్టి దారిలో తమరు ఆయాసపడుతుంటే, గడ్డిమోపు కట్టిన నల్ల సైకిల్ మీద ఒక పెద్దాయన తమరిని దాటేశాడు. కాళ్లకు హవాయి చెప్పులు. దాటినవాడు ఆగాడు. చిక్కబళ్లాపురం వైపు తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి కదా, మా మాటలు విని తెలుగులోనే అడిగాడు.

"ఏమప్పా, తారు రోడ్డు అక్కడుండాదే, ఇట్లెందుకు వస్తిరి?"

మట్టి దారి కోసమే వచ్చామన్నారు మా ఆయన. పెద్దాయన ఆయన హెల్మెట్టూ, నల్ల కళ్లద్దాలూ, తమరి హ్యాండిల్ మీద దూరం చూపించే మిషనూ తేరిపార చూశాడు.

"కొలతలకు వచ్చినారా? ఎంత చూపిస్తా ఉండాది?"

మెయిన్ రోడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లు అన్నారు ఈయన.

"చూస్తివా! నాలుగు కిలోమీటర్లు తారు ఏసినట్టు కాంట్రాక్టరు బిల్లెత్తుకున్యాడు!"

ఆ కొలత కాగితం మీద రాసి, స్టాంపు గుద్ది, వచ్చే ఆదివారం తెమ్మన్నాడు. మా ఆయన మ్యాపు ప్రింటు తీయించేశారు. స్టాంపు సంగతే తేలడం లేదు. ఇంత పేరున్నవారు, తమరి దగ్గర ఏదైనా ఉంటే ఇప్పించగలరు.

ఇట్లు,
తమరి కారు డ్రైవరు భార్య