సవరణ: సలహా మండలి చేతిలో ఏముంది, ఏం లేదు

కాలనీల్లో జరిగే ఆరోగ్య పరిశోధనల గురించి ముందు పెట్టిన పోస్టులో ‘స్థానిక సలహా మండలి ఒప్పుకుంటేనే అధ్యయనం మొదలవుతుంది’ అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: మండలి అంటే పరిశోధకులతో మాట్లాడేందుకు అక్కడివాళ్లతో ఏర్పాటు చేసే బృందం; అది సలహా ఇస్తుంది, అనుమతి ఇచ్చేది ఎథిక్స్ కమిటీ, అంటే పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా పరిశోధనను ముందే పరిశీలించే కమిటీ. మండలి సరేనన్నంత మాత్రాన ఎవరూ అధ్యయనంలో చేరిపోయినట్టు కాదు. ఎవరి సమ్మతి వాళ్లే ఇవ్వాలి, వద్దనుకుంటే మధ్యలోనే తప్పుకోవచ్చు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

అలాగని మండలిని తీసిపారేయకండి. సమ్మతి పత్రం ముసాయిదా ముందు పెడితే, తీసిన రక్తాన్ని ఎన్నేళ్లు దాస్తారు, రిపోర్టులో తేడా వస్తే మాకెవరు చెబుతారు, పని మానుకుని రావాలా అని నిలదీసేది అక్కడివాళ్లే. ఆ ప్రశ్నలతో పత్రమూ మారుతుంది, సర్వే వేళలూ మారతాయి. హెచ్‌ఐవీ నివారణ ట్రయల్స్‌లో ప్రజల్ని ఎలా కలుపుకుపోవాలో 2007లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ కార్యక్రమం యూఎన్‌ఎయిడ్స్, హెచ్‌ఐవీ నివారణ కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఏవాక్ కలిసి మార్గదర్శకాలే తెచ్చాయి.

ఇంకొకటి. సభ్యులుగా పేరున్న పెద్దమనుషులతోనే సరిపెట్టకూడదు. ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్లు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు తప్పకుండా ఉండాలి. వాళ్ల రానుపోను ఖర్చులు, వెచ్చించే సమయానికి ఇచ్చే డబ్బు బడ్జెట్‌లో మొదట్లోనే రాయించాలి.